వరదకు ముందు కోసిన మిరపకాయలు

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా బాబాయి లంక పొలంలో బజ్జీ మిరప మంచి కాపు మీద ఉంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, అని వినగానే ఇంటిల్లిపాదీ పడవెక్కి వెళ్లి చీకటి పడేదాకా కాయలు కోశారు. చుట్టుపక్కల లంకల్లో అందరూ అదే పని చేయడంతో మార్కెట్లో అడిగే నాథుడు లేడు. అమ్ముడుపోని బస్తా ఒకటి ఏటిగట్టుకు ఇవతల ఉన్న మా ఇంట్లో దించి, "పారేయడానికి చేతులు రావడం లేదమ్మా, ఏం చేస్తావో చూడు" అన్నాడు బాబాయి. మొక్క నీట మునిగాక మిగిలిన పంట అదొక్కటే. ఒక్క కాయ కూడా కుళ్లనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను.

ఇరుగుపొరుగుకు పంచాం, రెండు సాయంత్రాలు బజ్జీలు వేశాం. ఇంకా రెండు కిలోలు మిగిలాయి. చల్ల మిరపకాయలు పెడదామని అత్తయ్య అన్నారు. కానీ ఉప్పు వేసిన మజ్జిగలో ఊరిన కాయ గలగలలాడేలా ఎండాలంటే వారం రోజులైనా మంచి ఎండ కావాలి. మాకేమో ముసురు. తడి ఆరని కాయకు ఆవపిండి, నూనె పట్టించి జాడీకెత్తితే బూజు పడుతుందని నాకు భయం. అందుకే వెనిగర్ పోసి ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతికి దిగాను.

మొదటి సీసా పాడు చేశాను. కాయలను గాటు కూడా పెట్టకుండా నిలువుగా సర్దేశాను. లోపల గాలి ఉండటంతో అవి పైకి తేలాయి. నాలుగు రోజుల తర్వాత కొరికితే పైన పులుపు, లోపల పచ్చి వాసన.

రెండోసారి తొడిమలు తీసి, కడిగి, పొడి గుడ్డతో తుడిచి, అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోశాను. చేతులు భగ్గుమన్నాయి. మిరప కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కొబ్బరినూనె రుద్దుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుంటేనే మంట తగ్గింది.

ఇక వెనిగర్ పాళ్లు. విదేశీ వంటల్లో వెనిగర్, నీళ్లు సమానంగా పోయమంటారు. అక్కడి వెనిగర్‌లో ఆమ్లం సాధారణంగా 5 శాతం. నా సీసా మీద 4 శాతం అని ఉంది. సగానికి సగం నీళ్లు కలిపితే పులుపు పలచబడిపోతుంది. అందుకని రెండు గ్లాసుల వెనిగర్‌కు ఒకే గ్లాసు నీళ్లు పోశాను. అందులో చెంచాన్నర ఉప్పు, రెండు చెంచాల పంచదార, కొన్ని మిరియాలు, ఆవాలు వేసి మరిగించాను. ఇత్తడి గిన్నె వాడకండి, పులుపు లోహాన్ని తింటుంది. గాజు సీసాలో చక్రాలు, వెల్లుల్లి రెబ్బలు నింపి, ముక్కలు పూర్తిగా మునిగేలా వేడివేడిగా పోశాను. చల్లారాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను.

రెండో రోజుకు లేత ఆకుపచ్చ రంగు పోయి ముక్కలు ఆలివ్ రంగుకు తిరిగాయి. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితం ఆమ్లం తగిలితే మారిపోతుంది, అంతే. అసలు కంగారు వెల్లుల్లితో వచ్చింది. రెబ్బలు నీలంగా మారాయి! పారబోయమని వదిన పట్టుబట్టింది. వెల్లుల్లిలోని గంధక పదార్థాలు పులుపులో అలా రంగు తిరుగుతాయి, తినడానికి ప్రమాదం లేదు. నేను తిని చూపించాకే వదిన ముట్టుకుంది.

వారానికి రుచి కుదిరింది. ముద్దపప్పు అన్నంలో బాగుంది, పెరుగన్నంలో అంతకంటే బాగుంది. కారం పోలేదు, కానీ పులుపు, తీపి తోడై నాలుకను కాల్చడం మానేసింది. కొరికితే ఇంకా కరకరమంటోంది.

మన ఆవకాయలా దీన్ని అటక మీద పెట్టి మరిచిపోవడానికి లేదు. చలువలో ఉన్నంతవరకే నిలవ, అదీ రెండు నెలల లోపు. ఆ రోజుల్లో కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు తెరవవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను. తడి చెంచా కూడా పెట్టనివ్వలేదు.

వినాయక చవితి నాటికి ముక్కలు అయిపోయాయి. మిగిలిన పులుపు నీళ్లలో కొత్త కాయలు వేయలేదు, అప్పటికే మొదటి కాయల నీరు కలిసి పలచబడి ఉంటుంది కదా. ఉల్లిపాయ ముక్కల మీద చల్లి ఆ పూటే తినేశాం. నీరు తీశాక బాబాయి లంకలో మళ్లీ నారు పోశాడు. ఆయన కోసం దాచిన చిన్న సీసాను ఆ రోజే పొలానికి పంపాను.