గండికోటలో రాత్రి బసకు వెళ్లినప్పుడు

కడప నుంచి గండికోట 80 కిలోమీటర్లు ఉంటుంది. మాకైతే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. హైదరాబాద్ నుంచి అక్కావాళ్లు వస్తున్నారని, ఈసారి రాత్రికి అక్కడే ఉండి పెన్నా లోయ మీద పొద్దుపొడుపు చూద్దామనుకున్నాం. వారాంతంలో గదులు దొరకడం కష్టం. మా మేనల్లుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ పట్టుకొచ్చాడు. లోయ అంచున టెంట్లు, చలిమంట, రాత్రి భోజనం, అన్నీ కలిపి మనిషికి 1,200 రూపాయలు. "రెండే మిగిలాయంట మామా, మొత్తం ఇప్పుడే కట్టమంటున్నారు" అన్నాడు.

ఆ తొందర నాకు నచ్చలేదు. ఫొటోలు బాగానే ఉన్నాయి. కానీ గండికోట లోయ ఫొటో ఎవరికైనా దొరుకుతుంది, అది పెట్టినంత మాత్రాన ఆ మనిషి గండికోటలో ఉన్నట్టు కాదు. అక్కడుండే వాళ్లకే తెలిసేదేదో అడగాలి. ఫోన్ చేసి, "జమ్మలమడుగు నుంచి వస్తుంటే మీ టెంట్లు హరిత హోటల్‌కు ఇవతలా, అవతలా?" అన్నాను. "లొకేషన్ పంపిస్తాం సార్, ముందు అడ్వాన్స్ వేయండి" అన్నాడు. ఒక్క నిమిషం వీడియో కాల్‌లో టెంట్లు చూపించమంటే సిగ్నల్ లేదన్నాడు. డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టే ముందు అవతలి ఖాతాదారు పేరు కనిపిస్తుంది. నేనది తప్పకుండా చదువుతాను. ఇక్కడ ఆ పేరు పేజీ పేరుతోనూ కలవలేదు, ఆయన చెప్పిన పేరుతోనూ కలవలేదు. అక్కడితో వదిలేశాం. రాష్ట్ర పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో నంబరు తీసుకుని హరితకే ఫోన్ చేస్తే ఆదివారం రాత్రికి గదులున్నాయన్నారు. మేనల్లుడు కాస్త నొచ్చుకున్నాడు గానీ, ప్రయాణాన్ని ఆదివారానికి జరుపుకున్నాం.

ప్రొద్దుటూరు మీదుగా వెళ్లి, జమ్మలమడుగులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. కోట వాకిలి దాటితే లోపల ఇప్పటికీ ఊరుంది. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం అన్నీ నడక దూరంలోనే. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. వాళ్ల తర్వాత దీన్ని గెలుచుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఇక్కడిదాకా వచ్చాడు. బండల మీదుగా ఇంకొంచెం నడిస్తే నేల ఉన్నట్టుండి తెగిపోయి, ఎర్రమల కొండల మధ్య ఎక్కడో కింద పెన్న కనబడుతుంది. అక్క మాటాపలుకూ లేకుండా అక్కడే చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి హోటల్ ముందు అనంతపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం నిలబడి ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక పెద్దావిడ. టెంట్లకని 6,000 రూపాయలు కట్టారంట. లొకేషన్ పెట్టిన చోట ఉన్నది ఖాళీ పొలం. గట్టిగా అడిగితే అవతలివాళ్లు క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ డబ్బు వెనక్కొస్తుంది" అన్నారంట. ఆయన అప్పుడే స్కాన్ చేస్తున్నాడు.

"కొట్టొద్దన్నా!" అని అరిచినంత పని చేశాను. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే.

అక్కడి నుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాను. కాజేసిన డబ్బును మోసగాళ్లు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి చకచకా మార్చేస్తారు. అది చేతికందేలోపు బ్యాంకుకు కబురందితే ఆ ఖాతాలోనే నిలిపేసే వీలుంటుంది. తెల్లారాక స్టేషన్‌కు పోదాంలే అనుకుంటే ఆ వీలు చేజారిపోతుంది. ఆయన కోపంలో చాట్ అంతా తుడిచేయబోతే ఆపాను. లావాదేవీ నంబరు, సమయం, వాళ్ల మెసేజీలు అన్నీ ఫిర్యాదుకు కావాలి కదా. కాసేపటికి ఫిర్యాదు నంబరు వచ్చింది. డబ్బు వస్తుందో రాదో అప్పుడే చెప్పలేం.

"చదువుకున్నోణ్ణి, నేనే ఇట్ల మోసపోతే ఎవరికి చెప్పుకోవాల?" అని ఆయన తల దించుకున్నాడు. నాకు చాలా బాధేసింది. సిగ్గుపడాల్సింది ఆయన కాదు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, సోమనాథ్ గదుల పేరుతో దొంగ వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ ఖాతాలు నడుస్తున్నాయని కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల విభాగమే 2025 ఏప్రిల్‌లో జనాన్ని హెచ్చరించింది. అంత పకడ్బందీగా వల వేసేవాళ్లకు చదువుకున్నవాళ్లు, చదువులేనివాళ్లు అన్న తేడా ఏముంటుంది?

హరితలో గదులన్నీ నిండిపోయాయి. అక్కడి అబ్బాయి జమ్మలమడుగులో తనకు తెలిసిన లాడ్జికి ఫోన్ చేసి గది చెప్పాడు. గది చూశాకే డబ్బు కట్టమన్నాడు. ఆ మాట మాకందరికీ నచ్చింది.

కారెక్కబోతూ, గండికోట తర్వాత తిరుమల పోతున్నామని పెద్దావిడ చెప్పింది. గది సంగతి అడిగితే వాట్సాప్‌లో ఒక ఏజెంటు చూస్తున్నాడన్నారు. ఆయన ఫోన్‌లోనే టీటీడీ వెబ్‌సైట్ తెరిచి, అడ్రసు చివర ప్రభుత్వ వెబ్‌సైట్లకుండే ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉండటం చూపించాను.

"ఆ ఏజెంటుకు దుడ్లు కట్టలేదు కదరా?" అని పెద్దావిడ కొడుకును అడిగింది.

"లేదమ్మా, రేపు కడదామనుకున్నా" అంటూనే ఆయన ఆ నంబరు తీసి, గది వద్దని మెసేజ్ పెట్టాడు.