మాల వేసిన మూడో రాత్రి

ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. మాల తీసిన రోజు సాయంత్రమే మళ్ళీ వైన్ షాపు దగ్గర ఉండేవాణ్ణి. అయినా, "కావాలంటే మానగలను, చూశారుగా" అని అందరితో అనేవాణ్ణి. నా భార్య కూడా నమ్మింది పాపం. ఏడాదంతా ఆ 41 రోజుల కోసమే ఎదురుచూసేది.

2021లోనూ అలాగే వేశాను. కానీ అప్పటికి పొద్దున్నే కాస్త లోపల పడకపోతే చెయ్యి వణికి సంతకం కుదిరేది కాదు. విజయవాడలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాని, రోజంతా సంతకాలే. మాల వేసిన మొదటి రోజు చెమటలు, రెండో రోజు వాంతులు. ఒంటిపూట భోజనం పడలేదేమో అనుకున్నాం.

మూడో రాత్రి పీఠం ముందు పడుకున్నవాణ్ణి ఉలిక్కిపడి లేచాను. గోడ నిండా ఎర్రచీమలు. దీపం వెనక నుంచి బారులు తీరి నా కాళ్ళ మీదికి పాకుతున్నాయి. ఎప్పుడో పోయిన మా నాన్న వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. "ఏమీ లేవు స్వామీ, పడుకోండి స్వామీ" అని నా భార్య ఏడుస్తోంది. మాలలో ఉన్నానని అంత భయంలోనూ స్వామీ అనే పిలిచింది. అలాంటి మనిషిని గోడకేసి తోశాను. అప్పటికి తొమ్మిదేళ్ళ మా పాప తలుపు వెనక నిలబడి అంతా చూసింది. పక్కింటావిడ దిష్టి తగిలిందని నిమ్మకాయలు తెచ్చింది. తర్వాత ఫిట్స్ వచ్చాయట, నాకు గుర్తులేదు.

హాస్పిటల్లో ఐదు రోజులు. సెలైన్లు, బి1 ఇంజెక్షన్లు, మత్తు మందులు. రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా మందు ఆపేస్తే రెండు మూడు రోజులకి ఇలా తిరగబడుతుందనీ, ప్రాణాలే పోవచ్చనీ అక్కడే తెలిసింది. రాత్రంతా నా పక్కన నిలబడ్డ నర్సులకి చేతులెత్తి మొక్కుతాను. కానీ రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు నా ముందే నా భార్యతో, "ఇలాంటోళ్ళు మారరమ్మా. నెల తిరక్కుండా ఇదే మంచం మీద ఉంటాడు. నీ డబ్బులు దండగ" అన్నాడు. నా చేతులు గుడ్డతో మంచానికి కట్టి ఉన్నాయి, చెవులు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి. నన్ను బతికించినవాళ్ళలో ఆయనా ఉన్నాడు, కాదనను. కానీ షుగర్ పెరిగి రెండోసారి వచ్చిన పేషెంటుని ఇలాగే అంటాడా? ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇరవై రోజులకే మళ్ళీ తాగి ఆయన మాట నిజం చేశాను. ఆ మంట వేరే.

డిశ్చార్జ్ రోజు ఒక నర్సమ్మ మందుల చీటీ వెనక ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం నంబరు రాసిచ్చింది. నాలుగు నెలలు పర్సులోనే ఉంది. తెలిసినవాళ్ళు కనబడితే పరువేం కావాలి? మీటింగు జరిగేది చర్చి ఆవరణలోని బడి గదిలో, మతం మార్చేస్తారేమోనన్న అనుమానం ఒకటి. చివరికి 2022 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం వెళ్ళాను. గుమ్మం బయట పదకొండు జతల చెప్పులు. లెక్కపెట్టి వెనక్కి తిరిగాను. "తమ్ముడూ, టీ తాగి వెళ్ళు" అన్నాడు లోపల్నుంచి ఒక పెద్దాయన.

అందరికీ నిండా పోసి నాకు సగం గ్లాసే ఇచ్చాడు. కోపమొచ్చింది, ఇక్కడ కూడా చులకనే అనుకున్నాను. గ్లాసు పట్టుకున్నాక చూశాను, చెయ్యి గడగడా వణుకుతోంది. చుక్క కూడా ఒలకలేదు. తలెత్తి చూస్తే ఆయన అప్పటికే వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ఫీజు లేదు, రిజిస్టరు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఒక్కొక్కరూ లేచి తమ కథ చెప్పారు, నాకెవరూ నీతులు చెప్పలేదు. ఈ సంఘాన్ని 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో ఇద్దరు తాగుబోతులే మొదలుపెట్టారని, వాళ్ళలో బాబ్ అనే ఆయన స్వయానా డాక్టరని ఆ రోజే విన్నాను. ఆయన కూడా మానినట్టే మాని ఒకసారి జారాడట. ఆ మాట నాకు మందులా పనిచేసింది.

మర్నాడే ఆ పెద్దాయన నన్ను వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మందులతో పద్ధతిగా మాన్పించారు. రోజూ తాగేవాళ్ళు దయచేసి ఇంట్లో సొంతంగా ఆపకండి, మొక్కుకున్నా సరే. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఎవర్నడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. ఇంట్లోవాళ్ళకి ఆల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. ఆ రాత్రి నేను తోసిన తోపుకి భుజం నెల రోజులు నొప్పి పెట్టిందని నా భార్య మొదట చెప్పుకున్నది అక్కడే, నాతో కాదు.

మాల ఇప్పటికీ వేస్తున్నాను, డాక్టరుకి చెప్పి. ఆ స్వామి దయ లేకపోతే ఆ నర్సమ్మ చేత నంబరు ఎందుకు రాయిస్తాడు? మాల తీసిన సాయంత్రం మాత్రం నేరుగా మీటింగుకే వెళ్తాను.

నేను ఆలస్యంగా ఇంటికొస్తే మా పాప తలుపు పూర్తిగా తీయదు. ముందు నా మొహం చూస్తుంది, తర్వాత గొళ్ళెం తీస్తుంది. చూడనీ. ఎన్నేళ్ళయినా చూడనీ.

ఇవాళ శుక్రవారం. ఆరున్నరకే బయల్దేరాలి, టీ పోసే వంతు నాది.