గాజులోకి 27 మిల్లీమీటర్లు దిగిపోయాను!

గేట్ మెకానికల్ మొదటి అటెంప్ట్‌లో గ్రైండింగ్ (గట్టి రేణువులు అతికించిన వీల్‌ను తిప్పి వస్తువును అరగదీయడం) జోలికే పోలేదు. మహా అయితే ఒకటో రెండో మార్కులు, పోతే పోయాయి అనుకున్నా. రెండోసారి పట్టుకున్నాను గానీ పట్టికలన్నీ బట్టీ కొట్టాను. వీల్‌లో రేణువుల సైజు గ్రిట్, వాటి మధ్య ఎడం స్ట్రక్చర్, వాటిని అతికించి ఉంచేది బాండ్, ఇవి కాక గ్రేడ్... పది రోజులు తిరిగేసరికి అంతా కలగాపులగం.

అప్పుడే ఒక మాక్ టెస్టులో ఈ లెక్క వచ్చింది. గాజును పగుళ్లు రాకుండా గ్రైండ్ చేయాలంటే వజ్రపు రేణువు ఎంత లోతు దాకా దిగవచ్చు? సూత్రం వాళ్లే ఇచ్చారు. బిఫానో, డౌ, స్కాటర్‌గుడ్ 1991లో చెప్పినది. ఎలాస్టిక్ మాడ్యులస్‌ను (సాగదీతకు ఎదురు నిలిచే బిగువు) హార్డ్‌నెస్‌తో (గట్టితనం) భాగించాలి. ఫ్రాక్చర్ టఫ్‌నెస్‌ను (పగులును తట్టుకునే శక్తి) కూడా హార్డ్‌నెస్‌తో భాగించి వర్గం చేయాలి. ఆ రెండింటినీ గుణించి, మళ్లీ 0.15తో గుణించాలి. మాడ్యులస్, హార్డ్‌నెస్, టఫ్‌నెస్ విలువలు వరుసగా 70 గిగాపాస్కల్స్, 6 గిగాపాస్కల్స్, 0.75 మెగాపాస్కల్ రూట్ మీటర్.

చకచకా నొక్కేశాను. 0.0273 మీటర్లు, అంటే 27 మిల్లీమీటర్లు. సబ్మిట్ కూడా చేసేశాను! అద్దం పలకే అంత మందం ఉండదన్న ఆలోచన ఆ టెన్షన్‌లో తట్టలేదు. మెగా, గిగా కలిపేశాను. వెయ్యి రెట్ల తప్పు, పైన వర్గం ఉంది కాబట్టి పది లక్షల రెట్లయింది. అసలు జవాబు 27 నానోమీటర్లు. అంత పలచగా గీస్తే గాజు కూడా పెళుసుతనం మానేసి లోహంలా సాగి చెక్కుకుపోతుంది. దీన్నే డక్టైల్ మోడ్ అంటారు. ఆ రోజు తర్వాత ఈ పేరు మర్చిపోలేదు.

నన్ను ఇంకా తికమక పెట్టింది గ్రేడ్. గట్టి మెటీరియల్‌కి మెత్తని గ్రేడ్ వీల్ వాడాలట! ఇదేం న్యాయం? తీరా చూస్తే గ్రేడ్ అంటే రేణువు గట్టితనం కాదు, బాండ్ దాన్ని పట్టుకునే బిగువు. గట్టి వస్తువు మీద రేణువు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దుబారింది రాలిపోతేనే కొత్తది పైకొస్తుంది. వజ్రమైతే అలా రాలగొట్టుకుంటూ పోలేం, ఖరీదు కదా! అందుకే అల్యూమినియం ఆక్సైడ్ కడ్డీతో డ్రెస్సింగ్ చేసి, బాండ్‌ను కాస్త అరగదీసి రేణువుల మొనలు బయటపెడతారు. మా అమ్మమ్మ తిరగలికి కక్కు కొట్టించేది. పని వేరైనా అవసరం ఒకటే, నున్నబడిన రాయికి మళ్లీ పదును రావాలి.

వీల్‌లో వజ్రం ఎంతుందో చెప్పే సంఖ్య కాన్సంట్రేషన్. అది 100 అంటే నూరు శాతం వజ్రం అని రాసే మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. ఘన సెంటీమీటరుకు 4.4 క్యారెట్లు అని దాని అర్థం. క్యారెట్ 0.2 గ్రాములు కాబట్టి 0.88 గ్రాములు. వజ్రం సాంద్రత 3.52తో భాగిస్తే 0.25, అంటే ఘనపరిమాణంలో పాతిక శాతమే. ఒక్కసారి చేత్తో చేసి చూడండి, 75 కాన్సంట్రేషన్ అడిగినా తడుముకోరు.

స్టీల్‌కి వజ్రం ఎందుకు వాడరన్నది ఒక్క ముక్కలో తేలిపోతుంది. వేడెక్కినప్పుడు వజ్రంలోని కార్బన్ ఇనుములోకి పోతుంది. అక్కడ సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) రాయండి.

ఇప్పుడు న్యూమరికల్ ప్రశ్న కనిపిస్తే ముందు రఫ్ పేపర్ మీద యూనిట్లు రాసుకుంటాను, కాలిక్యులేటర్ ముట్టేది ఆ తర్వాతే. పక్కన చిన్నగా '27 మి.మీ.' అని కూడా రాసుకుంటాను, దిష్టిచుక్కలాగా.