ఆగడం నేర్పబోయిన సాయంత్రం

మంగళవారం, రాత్రి పదిన్నర.

శనివారం నాటి ఓటమి ఇంకా మనసులో మెదులుతూ ఉండటం వల్ల కాబోలు, ఈ రోజు ఆఫీసు మీటింగుల మధ్యలోనే ప్రాక్టీసు బొమ్మను ఒక కాగితం మీద గీసుకున్నాను. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పదేళ్లలోపు పిల్లల సాకర్ జట్టుకు స్వచ్ఛందంగా కోచ్‌గా ఉండటం నాకిది మూడో సీజను. ఆ రోజు మా మీద పడిన నాలుగు గోల్స్‌లో మూడు ఒకే తీరుగా పడ్డాయి: మావాడొకడు ఎదురుగా వస్తున్న పిల్లవాడి మీదికి బాణంలా దూసుకెళ్లి కాలు చాపడం, అవతలివాడు బంతిని పక్కకు నెట్టి దాటిపోవడం. ఈ వయసులో గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఏడుగురే ఆడతారు కాబట్టి, ఒక్క డిఫెండర్‌ను దాటితే చాలు, ముందంతా ఖాళీ మైదానమే.

అందుకని ఈ సాయంత్రం పాసులూ షాట్లూ పక్కన పెట్టి, పదిహేను గజాల పొడవు, పది గజాల వెడల్పు ఉండేలా కోన్లు పెట్టి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టాను. బంతి అవతలివాడి కాలికి చేరేలోపు వేగంగా పరుగెత్తాలి. చివరి రెండు మూడు గజాల్లో అడుగులు చిన్నవి చేసి వేగం చంపుకోవాలి. ఛాతీ చూపిస్తూ నిటారుగా కాక, ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక పెట్టి, మోకాళ్లు వంచి ఓరగా నిలబడాలి. అలా నిలబడితే ఒక దారి మూసుకుపోయి, మైదానం పక్క గీత వైపు దారి మాత్రమే మిగులుతుంది. గీత కూడా మన జట్టు మనిషేనని చెబితే పిల్లలు నవ్వారు గాని, ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకున్నారు. అవతలివాడి భుజాలూ నడుమూ ఎన్ని నాటకాలాడినా, చూపు బంతి మీదే ఉండాలని పదే పదే చెప్పవలసి వచ్చింది.

నిలబడటం పావుగంటలో వచ్చింది. ఆగడమే రాలేదు. చివరికి ఒక నియమం పెట్టాను: మొదటి ఐదు వంతుల్లో డిఫెండర్ బంతిని ముట్టుకోకూడదు, ఆరు సెకన్ల పాటు అవతలివాణ్ని తన వెనుకనున్న గీత దాటనివ్వకపోతే పాయింటు అతనిదే. "మరి బంతి ఎప్పుడు తీసుకోవాలి అంకుల్?" అని ఒక తెలుగు పిల్లవాడు నీరసంగా అడిగాడు. మా ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు, కూతకు వచ్చినవాడి మీదికి ఆత్రంగా ఉరికినవాడే ముందు అవుటయ్యేవాడు; వాడి కాలు లోతుగా లోపలికి వచ్చేదాకా వెనక్కి వెనక్కి జరిగినవాడికే పట్టు దొరికేది. ఈ సంగతి చెబుదామని కూత పెడుతూ నేనే కోన్ల మధ్యకు వెళ్లాను. జట్టులో సగం మందికి అదేమిటో అర్థం కాలేదు, గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకు మాత్రం మంచి వినోదమైంది.

అయితే పసుపు బూట్ల అమ్మాయికి అర్థమైంది. ముట్టుకోవచ్చని చెప్పిన తరువాత కూడా ఆమె తొందరపడలేదు. చేయి చాచితే అందేంత దూరంలో ఉంటూ, నాలుగైదు అడుగులు వెనక్కి జరిగింది. అవతలివాడు విసుగెత్తి బంతిని రెండడుగులు ఎక్కువగా నెట్టగానే, ముందు తన ఒంటిని వాడికీ బంతికీ మధ్య పెట్టి, ఆ తరువాతే కాలు కదిపింది. గంటన్నరలో నేను కోరుకున్నట్టు జరిగింది ఆ ఒక్కసారే. నాకది చాలు.

భోజనాలయ్యాక, 2019 మార్చి 31న ఇంగ్లండ్ జట్లు లివర్‌పూల్, టాటెన్‌హామ్ ఆడిన మ్యాచ్‌లోని ఒక ముక్కను మా అబ్బాయికి చూపించాను. స్కోరు 1–1 ఉండగా టాటెన్‌హామ్ ఆటగాడు సిసోకో బంతితో వస్తున్నాడు, పక్కన అదే జట్టు సన్ పరుగెత్తుతున్నాడు, ఎదురుగా లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ ఒక్కడే ఉన్నాడు. అతను సిసోకో మీదికి పోకుండా సన్‌కు వెళ్లే పాసు దారిని మూసి, ఆగి ఆగి, చివరికి సిసోకోను అతని బలహీనమైన ఎడమ కాలితో కొట్టక తప్పని స్థితికి తెచ్చాడు. బంతి గోల్ పైనుంచి పోయింది, లివర్‌పూల్ 2–1తో గెలిచింది.

మావాడు అది రెండుసార్లు చూసి, ఏమీ మాట్లాడకుండా, వాళ్లమ్మ ఫోనులో తీసిన శనివారం నాటి వీడియో పెట్టాడు. మూడో గోల్‌లో కాలు చాపి మోసపోయింది వాడే. దానికి సరిగ్గా ఒక్క క్షణం ముందు, గీత పక్కనుంచి నా గొంతు స్పష్టంగా వినిపించింది: "వెళ్లరా, వెళ్లు, లాక్కో!"

"నువ్వే కదా నాన్నా వెళ్లమన్నావు" అన్నాడు.

కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. మ్యాచ్ వేడిలో నా నోట ఇంగ్లీషు రాదని ఇంట్లో అందరికీ తెలిసిందే కాబట్టి, శనివారంలోపు జట్టంతటికీ 'ఆగు' అనే మాట నేర్పే పని వాడే తీసుకున్నాడు.