1970 షెవెల్: మూడో శనివారం, అయిదో సిలిండర్

దొరికింది! కొందామని చూస్తున్న పాత కారు ఇంజిన్‌లో మూడు శనివారాలుగా నన్ను తిప్పలు పెట్టిన మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఎక్కడి నుంచి వస్తోందో నిన్న మధ్యాహ్నం కళ్లారా చూశాను. చాలా సంతోషంగా ఉంది. కానీ దొరికిన జవాబుతో కారు కొనాలా వద్దా అనే లెక్క మళ్లీ మొదటికొచ్చింది, రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

ముందు సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కారు 1970 షెవ్రొలే షెవెల్ మాలిబు, రెండు డోర్లది, 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అమ్మే పెద్దాయన టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ అవతల వెదర్‌ఫర్డ్ వైపు ఉంటారు, మా ఇర్వింగ్ నుంచి వెళ్లేసరికి గంట దాటుతుంది. అడిగేది 21,500 డాలర్లు. విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) 136370R తో మొదలవుతుంది. 136 అంటే వీ8 మాలిబు, 37 స్పోర్ట్ కూపే, 0 అంటే 1970, ఆర్ అంటే ఆర్లింగ్టన్. ఇప్పుడు టాహోలు, సబర్బన్‌లు తయారవుతున్న మా పక్కూరి ఫ్యాక్టరీలోనే ఇది పుట్టింది. నేను రోజూ ఆఫీసుకెళ్లే దారికి ఇరవై నిమిషాల దూరంలో యాభై ఏళ్లకు పైగా కిందట తయారై, ఇన్నాళ్లూ ఈ చుట్టుపక్కలే తిరిగిన కారు. ఈ ఒక్క విషయమే నన్ను సగం పడేసింది, దాచుకోను.

బానెట్ మీద గీతలున్నాయి, ముందు గ్రిల్‌లో ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్, షెవెల్‌లో ఖరీదైన స్పోర్ట్ రకం) బ్యాడ్జీ ఉంది. ఇది నిజం ఎస్ఎస్ అనే మాట మొదటి రోజే పక్కన పెట్టేశాను. 1970లో ఎస్ఎస్ అంటే 396 ఇంజిన్ కానీ 454 కానీ (ఆ 396 కూడా నిజానికి 402 క్యూబిక్ అంగుళాలే), 350తో ఎస్ఎస్ ఇవ్వడం 1971లో మొదలైంది. వెనక యాక్సిల్ 12 బోల్టులది కావాలి, దీనికి 10 ఉన్నాయి. 1970 విన్‌లో ఎస్ఎస్ అని ఎక్కడా తెలియదు కాబట్టి బిల్డ్ షీట్ (ఏ కారులో ఏమేం బిగించాలో ఫ్యాక్టరీ రాసిన కాగితం) లేకుండా ఎవరేం చెప్పినా నేను మాలిబు ధరే కడతాను. ఫైర్‌వాల్ మీద ట్యాగ్‌లో రంగు కోడ్ 48, అంటే ఫారెస్ట్ గ్రీన్. ఇప్పుడున్న ఎరుపు తర్వాత కొట్టించింది. నాకైతే ఆ ఆకుపచ్చే ఇష్టం.

గేర్‌బాక్స్ బాగుంది, జారడం లేదు. ముందు డిస్క్ బ్రేకులు బాగున్నాయి. ఫ్రేమ్‌ని సుత్తితో కొట్టుకుంటూ వెళ్లాను, గట్టిగానే పలికింది.

ఇక మిస్సింగ్ సంగతి.

మొదటి శనివారం: ఐడిల్ 700 దగ్గర బండి ఊగుతోంది. పెద్దాయన "కార్బురేటర్ ట్యూనింగ్ చాలు" అన్నారు. పైన ఉన్నది క్వాడ్రాజెట్. దాన్ని చూడగానే తీసేసి హోలీయో ఎడెల్‌బ్రాకో పెట్టేయమంటారు చాలామంది, నేను ఒప్పుకోను, సరిగ్గా కుదిరిన క్వాడ్రాజెట్ రోడ్డు మీద నడపడానికి అన్నిటికంటే మంచిది. అయినా ఆయన దగ్గర ఇంకో మంచి కార్బురేటర్ ఉంటే మార్చి చూశాం. ఊపు అలాగే ఉంది. హెడర్ గొట్టాల మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తే ఏడు గొట్టాలూ 380 నుంచి 400 ఫారెన్‌హీట్ మధ్య, అయిదోది 210. ప్లగ్ మార్చాను, వైరు మార్చాను, అదే 210.

అప్పుడు నా మొదటి ఊహ 5, 7 వైర్లు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు వెలిగే వరస) 1-8-4-3-6-5-7-2 కదా, అయిదు, ఏడు ఒకదాని వెంట ఒకటి వెలుగుతాయి, పక్కపక్కనే ఉంటాయి, వైర్లు ఆనుకుని సాగితే ఒకదాని స్పార్క్ రెండోదానికి పాకుతుంది. నా 1984 సీ-10 ట్రక్కులో అచ్చం ఇదే జరిగింది కాబట్టి ఇక్కడా అదే అని గట్టిగా నమ్మేశాను.

రెండో శనివారం ఆ వైర్లని దూరంగా విడదీసి కట్టాను. ఏమీ మారలేదు. వ్యాక్యూమ్ గేజీ 16 అంగుళాలు చూపిస్తూ, ఒక లయలో రెండు రెండున్నర అంగుళాలు కిందికి తొణుకుతోంది. అంటే ఒకే సిలిండర్, ప్రతిసారీ. సరే అని కంప్రెషన్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ప్రెషర్‌కి నొక్కుతోందో) తీశాను. ఇంజిన్ వేడిగా ఉంది, ప్లగ్గులన్నీ బయట, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఒక్కోదానికి అయిదు తిప్పులు. ఒకటి నుంచి వరసగా: 152, 150, 148, 155, 94, 151, 147, 150. చూశారుగా, 94.

ఇక్కడి నుంచే బుర్ర వేడెక్కింది. రింగులేమో అని అయిదులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తీస్తే 99, అంటే రింగులు కావు. షెవ్రొలే స్మాల్ బ్లాక్ (350 లాంటి చిన్న వీ8) హెడ్లలో మూడు, అయిదు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉంటాయి, ఆ మధ్యలో గ్యాస్కెట్ కాలడం మామూలే. కానీ అలా కాలితే మూడు కూడా పడిపోవాలి, దానికి 148 ఉంది. రేడియేటర్‌లో బుడగ లేదు. వాల్వు కాలిపోయిందేమో అని లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి పోసి ఎంత కారిపోతోందో చూపేది) తగిలించాను. 100 పీఎస్‌ఐ ఇస్తే 91 నిలబడింది, లీకు తొమ్మిది శాతం. మిగతా సిలిండర్లు కూడా ఎనిమిది నుంచి పదకొండు మధ్యే. గాలి పోస్తే పట్టుకుంటోంది, తిప్పితే ప్రెషర్ రావడం లేదు! టెస్టర్ తప్పు చూపిస్తోందేమో అని రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాను. అదే అంకె. ఆ సాయంత్రం చాలా నిరాశగా ఇంటికొచ్చాను.

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా అంబాసిడర్ ఇంజిన్లు దించారు. ఆదివారం పొద్దున్న, వాళ్లకి రాత్రి, ఫోన్ చేసి అంకెలన్నీ చదివాను. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. చివర్లో అన్నారు, "ఒరేయ్, పట్టుకునే గాలి ఉంది, లోపలికెళ్లే గాలి లేదు. వాల్వు ఎత్తుతోందా? కవర్ ఇప్పి ఇంజిన్ ఆన్ చెయ్, పుష్ రాడ్లు వాటంతటవే తిరుగుతున్నాయో లేదో చూడు. తిరగని దాని కింద క్యామ్ అరిగిపోయినట్టే." క్యామ్ అంటే తిరుగుతూ వాల్వుల్ని ఎత్తే కడ్డీ, దాని మీది ఉబ్బులే లోబ్‌లు. లోబ్ ట్యాపెట్‌ని (లిఫ్టర్ అన్నా ఇదే) తోస్తే, అది పుష్ రాడ్‌ని, పుష్ రాడ్ రాకర్‌ని తోసి వాల్వు తెరుస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్లోనూ ఇలాంటి చదును ట్యాపెట్లే. క్యామ్ మీది లోబ్‌కి కొద్దిగా వాలు, ట్యాపెట్ ముఖానికి కొద్దిగా ఉబ్బు ఉంటాయి, వాటివల్ల నడుస్తున్నంతసేపూ ట్యాపెట్ మెల్లగా గిరగిర తిరుగుతుంది. తిరగడం ఆగితే ఒకేచోట రాపిడి, ఇక కొద్ది గంటల్లోనే తినేస్తుంది. ఇది నాకు చదువుకుని తెలుసు. బాబాయ్‌కి చేతులతో తెలుసు. రెండు వారాలు లీకుల వెంట పడిన నాకు ఆ వైపు ఆలోచనే పోలేదు.

నిన్న, మూడో శనివారం. డ్రైవర్ వైపు వాల్వ్ కవర్ విప్పడానికి పెద్దాయన ఒప్పుకున్నారు, ఆ మంచితనానికి ఆయనకి నిజంగా రుణపడి ఉన్నాను. ఎనిమిది పుష్ రాడ్ల మీదా తెల్ల పెయింట్ చుక్క పెట్టాను. ఆయిల్ చిమ్మకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఇంజిన్ ఐడిల్‌లో రెండు నిమిషాలు నడిపాం. ఏడు చుక్కలు తీరిగ్గా తిరుగుతున్నాయి. అయిదో సిలిండర్ ఇన్‌టేక్‌ది మాత్రం నా వైపే చూస్తూ నిలబడిపోయింది. దాని రాకర్ కూడా సగమే ఊగుతోంది.

తర్వాత కొలతలు. రాకర్ నట్టు వదులుచేసి పక్కకి జరిపి, పుష్ రాడ్ కొస మీద డయల్ గేజీ పెట్టి, ఇంజిన్‌ని చేత్తో తిప్పాను. ఇలా చేస్తే స్ప్రింగ్ బరువు ఉండదు కాబట్టి లిఫ్టర్ లోపల కుంగిందేమో అనే అనుమానం కూడా తీరిపోతుంది. ఇన్‌టేక్ లిఫ్ట్: ఒకటి 0.259 అంగుళం, మూడు 0.260, ఏడు 0.258. అయిదు 0.112. ఎగ్జాస్ట్‌లు నాలుగూ 0.272 చుట్టుపక్కలే. పుష్ రాడ్ తీసి గాజు పలక మీద దొర్లించాను, తిన్నగా ఉంది. 0.260, 0.273 అనేవి కంపెనీ 350 క్యామ్ అంకెలే, అంటే మిగతా లోబ్‌లు ఇప్పటికి బాగున్నట్టు. అయిదో దగ్గర మాత్రం 0.148 అంగుళం పోయింది. అది దాదాపు 3.75 మిల్లీమీటర్ల ఇనుము.

ఎందుకిలా అయిందో ఊహించాల్సిందే. ఇంజిన్‌ని ఆరేళ్ల కిందట ఎవరో బాగుచేశారట, ఆ తర్వాత మూడు వేల మైళ్లు కూడా తిరగలేదు. కొత్త చదును క్యామ్ వేశాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇరవై ముప్పై నిమిషాలు 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచాలి, ఐడిల్‌కి దించకూడదు. ఆ పని జరిగిందో లేదో చెప్పేవాళ్లు లేరు. గ్యారేజీలో కనిపించిన డబ్బాలు ఇప్పటి మామూలు కారు ఆయిల్‌వి. క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం వీటిలో జింక్ తగ్గించేశారు, పాత ట్యాపెట్లకి అది చాలదు. నేనైతే ట్రక్కులో వాల్వోలిన్ వీఆర్1 తప్ప ఇంకోటి పోయను. ఒక్క లోబే పోయింది కాబట్టి లిఫ్టర్ తన రంధ్రంలో బిగుసుకుపోయి తిరగడం మానేసిందని నా అనుమానం. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీస్తే తప్ప ఇది తేలదు, అది ఆయన్ని అడగలేను.

ఆ ఇనుమంతా ఎక్కడికి పోయింది? ఫిల్టర్ విప్పి కోసి, మడతల కాగితం ఎండలో పట్టి చూస్తే బూడిదరంగు మెరుపు, అయస్కాంతానికి అంటుకుంటోంది. వేడి మీద ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో 22, రెండు వేల దగ్గర 41, అంటే బాగానే ఉంది. అయినా ఆ పొడి బేరింగుల మీదుగానే పోయింది కదా. క్యామ్, లిఫ్టర్లు, చెయిన్, గ్యాస్కెట్లు కలిపి ఆరు వందల్లో పడతాయి, కానీ ఇంత పొడి తిరిగిన ఇంజిన్లో ఊరికే క్యామ్ మార్చి మూతపెట్టడం నాకు నచ్చదు. మొత్తం విప్పి, బ్లాకు కడిగించి, బేరింగులు వేయడానికి మెషిన్ షాపువాళ్లు 3,800 చెప్పారు.

బాడీ విషయంలో మాత్రం భయం ఉంది. పెయింట్ మందం గేజీ పైకప్పు మీద 10 మిల్స్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్), డోర్ల మీద 12. ఎడమ వెనక చక్రం వెనకాల 48. వెనక అద్దం కింద ఎడమ మూల 60 దాటిపోయింది, అంటే కింద లప్పం. అద్దం అడుగున ఒక మగ్గు నీళ్లు పోసి డిక్కీలో టార్చి వేసుకుని కూర్చున్నాను. నాలుగు నిమిషాలకి మొదటి చుక్క పడింది. షెవెల్‌లకి ఇది పుట్టుకతో వచ్చే జబ్బు, అద్దం చుట్టూ స్టీలు పట్టీ కింద నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. అద్దం దించి, కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఈ మూల, ఆ చక్రం వెనకాల రేకు కలిపి టింకరింగ్, పెయింట్ 6,500 అన్నారు. లోపల ఇంకా ఎంత ఉందో కోసేదాకా తెలియదు, నా టెన్షన్ అంతా దీని గురించే. ఇంజిన్ ఇంకోటి తెచ్చుకోవచ్చు. బాడీ మళ్లీ దొరకదు.

నేను, మా ఆవిడ కూర్చుని పెట్టుకున్న హద్దు అన్నీ కలిపి 25,000. నిన్న డయల్ గేజీ ఆయనకే చూపించి 15,500 అన్నాను. ఆయన బాధపడ్డారు, నాకూ బాధేసింది, ఎవరో చేసిన పనికి ఆయన నష్టపోతున్నారు. కాసేపటికి 18,000కి దిగారు. బ్లాకు మీద స్టాంపు ఈ కారు విన్‌తో కలవడం లేదు, అంటే అది మొదటి నుంచి దీనిలో ఉన్న ఇంజిన్ కూడా కాదు, దాన్ని కాపాడుకోవాల్సిన పని లేదు. అందుకే ఇంకో దారి ఆలోచిస్తున్నాను. 1996 నుంచి షెవీ ట్రక్కుల్లో వచ్చిన వోర్టెక్ 350 ఇంజిన్, దాని కోడ్ ఎల్31, పాత సామాన్ల యార్డులో చూసుకుంటే ఇన్‌టేక్, చిన్నాచితకా కలిపి రెండు వేలకి పని అవుతుంది. దానిలో కంపెనీ నుంచే రోలర్ లిఫ్టర్లు (కొసన చక్రం ఉండి క్యామ్ మీద దొర్లేవి), ఈ అరుగుడు గొడవే ఉండదు. హెడ్లు కూడా పాతవాటికంటే ఎంతో మంచివి. వాటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేరేది కావాలి, మెకానికల్ పెట్రోల్ పంపుకి బ్లాకులో చోటు ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. 16,500కి ఒప్పుకుంటే, దానికి రెండు వేలు, ఆరున్నర వేలు కలిపితే సరిగ్గా హద్దు అంచున నిలబడుతుంది. 18,000 అయితే దాటిపోతుంది.

కాగితాల పని తేలికే. టైటిల్ శుభ్రంగా ఉంది, 24 ఏళ్లు దాటిన బండికి ఇక్కడ పొగ పరీక్ష లేదు, 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. యాంటిక్ ప్లేటు మాత్రం తీసుకోను, దానితో రోజువారీ తిరగనివ్వరు, నాకు పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనే ఉంది. నడవని బండి ఇంటిముందు కనిపిస్తే మా కాలనీ అసోసియేషన్ నోటీసు ఇస్తుంది, కాబట్టి ట్రక్కు అమ్మి గ్యారేజీ ఖాళీ చేయాలి. దానికి మనసు ఇంకా సిద్ధంగా లేదు.

వచ్చే శనివారం బోరోస్కోప్ (సన్నని గొట్టం కొసన కెమెరా) తీసుకెళ్తున్నాను. డిక్కీ వైపు నుంచి ఆ మూలలోకి, తర్వాత యాక్సిల్ పైన ఫ్రేమ్ రెయిల్ లోపలికి దించి చూస్తాను. వెనక సీటు ఎత్తనిస్తే బిల్డ్ షీట్ కోసం స్ప్రింగుల్లో కూడా వెతుకుతాను, అసలు ఏ ఇంజిన్‌తో వచ్చిందో తెలిస్తే బాగుంటుంది. తుప్పు ఆ ఒక్క మూలకే ఆగితే 16,500కి చెక్కు రాసుకునే వెళ్తాను. ఫ్రేమ్ రెయిల్ లోపల పెచ్చులు కనిపిస్తే వదిలేస్తాను. ఎల్31ని 1970 షెవెల్‌లో దించినవాళ్లు ఎవరైనా ఉంటే ఏ ఇన్‌టేక్ వాడారో, పాత టర్బో 350కి ఫ్లెక్స్ ప్లేటు (ఇంజిన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కలిపే పలక) ఏది సరిపోయిందో చెప్పండి, నాకు శుక్రవారం దాకా టైముంది.