ఋషికుల్య మొగలో తాబేళ్లు, మనవాళ్ల వలలు

ఒడిశాలోని గంజాం తీరంలో గోపాలపూర్ నుంచి ఋషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా బెస్త పల్లెల్లో చాలా ఇళ్ల మాట తెలుగే. శ్రీకాకుళం వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇక్కడ నోలియాలంటారు. పిల్లల చదువు ఒడియాలో, వేట మాటలు మాత్రం తెలుగులో. సముద్ర ఆర్థికం, అంటే సముద్రం మీద ఆధారపడ్డ బతుకుతెరువుల మీద పరిశోధన వీళ్లకు దూరపు సంగతి కాదు. ఏ నెలలో పడవ కదలాలో చివరికి తేల్చేది అదే.

నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు ఇంజను పడవల వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది. దానికి తూర్పు తీరమంతటి వేట విరామం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తోడవుతుంది. రెండూ కలిస్తే ఏడున్నర నెలలు. ఇంజను లేని పడవలకు మినహాయింపు ఉన్నా, ఇంజనుకు అలవాటుపడ్డ ఇంటికి అది ఒరిగించేది తక్కువ. కుర్రాళ్లు బయటి రేవులకు కలాసీలుగా వెళ్లిపోయేది ఈ కాలంలోనే.

తాబేలుకు గాలి కావాలి. పడవ వెనక లాగే ట్రాలు వలలో చిక్కి గింజుకుంటే లోపలున్న ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది. వల గంటల తరబడి నీళ్లలోనే ఉంటే చచ్చిపోతుంది. దీనికి విరుగుడుగా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తాబేలు తప్పించే చట్రాన్ని తయారుచేసింది. వల గొంతులో, చివరి సంచికి ముందు, నిలువు కడ్డీల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్య కడ్డీల సందులోంచి సంచిలోకి పోతుంది. తాబేలు చట్రానికి తగిలి పైనున్న ద్వారం గుండా బయటపడుతుంది.

బిగింపులోనే తేడాలొస్తాయి. చట్రం మరీ నిటారుగా ఉంటే తాబేలు దానికే అతుక్కుపోతుంది. మరీ వాలితే రొయ్యలు కూడా ద్వారం వైపు జారిపోతాయి. అమెరికా నిబంధనల్లో ఈ వాలు 30 నుంచి 55 డిగ్రీలు, కడ్డీల మధ్య సందు 4 అంగుళాలకు మించకూడదు. తేలేందుకు కట్టే బెండ్లు తక్కువైతే చట్రం కిందికి కుంగుతుంది. నాచూ చెత్తా కడ్డీలకు చుట్టుకుంటే రొయ్య లోపలికి పోదు.

అసలు చిక్కు వేరు. మన ట్రాలర్లు ఒక్క రొయ్య కోసమే వెళ్లవు, పెద్ద చేప కూడా కావాలి. సందు ఇరుకైతే టేకు చేప, పెద్ద వంజరం తాబేలు దారినే పోతాయి. అందుకే కొందరు ద్వారాన్ని కుట్టేస్తారు. ఈ చట్రాల లోపం మీదే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల కొనుగోలు ఆపింది. చట్రం ఇవ్వడంతో పాటు పోయే చేప విలువను కూడా లెక్కగట్టి చూపిస్తే తప్ప కుట్టడం ఆగదని నా నమ్మకం.

రెండో దారి చివరి సంచి కన్ను, ఇది పిల్ల చేపల కోసం. మామూలు వలలో కళ్లు వజ్రం ఆకారంలో ఉంటాయి, లాగుడుకు సాగి మూసుకుపోతాయి. కొలతకు పెద్ద కన్నే అయినా పిల్ల చేప బయటపడలేదు. అదే వలను 45 డిగ్రీలు తిప్పి, కన్ను చతురస్రంగా నిలిచేలా కుడితే లాగుతున్నా తెరుచుకునే ఉంటుంది. 40 మిల్లీమీటర్ల చతురస్రపు కన్ను సిఫారసులో ఉన్నది ఇందుకే. ముడులు జారితే కన్ను రూపం చెడుతుంది కాబట్టి ముడిలేని వల మేలు. సంచి లోపల ఇంకో సన్నకన్ను వల దాచితే మాత్రం ఈ శ్రమంతా వృథా.

ఇక నిషేధం సంగతి. తాబేళ్లు 20 కిలోమీటర్ల నీళ్లన్నిటా సమంగా పరుచుకుని ఉండవు, మొగ దగ్గర గుంపు కడతాయి, ఆ గుంపు జరుగుతూ ఉంటుంది. గుంపు వెంట హద్దునూ జరపడమెలా అన్నది ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధిస్తున్న విషయం. అది ఇక్కడ సాగాలంటే రోజూ పడవ మీద లెక్కించే మనుషులు కావాలి. ఆ పని నిషేధ కాలంలో ఖాళీగా ఉన్న నోలియా కుర్రాళ్లకే జీతమిచ్చి అప్పగించాలి. గుంపు ఎటు జరిగిందో ప్రతి ఉదయం రేవులో ఒడియాతో పాటు తెలుగులోనూ చెప్పాలి.