ముల్లు కదలకపోయినా ఊక ఎందుకు కాలిపోతుంది?

బాయిల్డ్ రైస్ మిల్లులో, అంటే వడ్లను నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేసే చోట, ఊకతో మండే బాయిలర్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు దాదాపు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఊక పోతనే ఉంది, ప్రెజర్ ముల్లు మాత్రం ఉన్న కాడనే ఉంది. ఈ వేడంతా ఎటు పోతున్నట్టు?" మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో పనికి వచ్చేవాళ్లలో చాలామంది చదువు మధ్యలో ఆపేసినవాళ్లే. అయినా వాళ్లు అడిగేది చాలా మంచి ప్రశ్న. మిల్లు నడవడం అంతా దాని జవాబు మీదే ఆధారపడి ఉంది. షిఫ్టు మధ్యలో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

బాయిలర్‌లోకి వచ్చే నీళ్లు 30 డిగ్రీలు అనుకుందాం. కిలో నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. అదే కిలో నీటిని 100 డిగ్రీల దగ్గరే ఆవిరిగా మార్చడానికి ఇంకో 540 కిలో కేలరీలు కావాలి. అంత వేడి పెట్టినా ఒక్క డిగ్రీ కూడా పెరగదు. బడి పుస్తకంలో బాష్పీభవన గుప్తోష్ణం అని చదువుకున్నది ఈ 540నే. స్టీమ్ వాల్వ్ తెరిచి, ట్యాంకులకు ఆవిరి వదులుతున్నంతసేపు మన ఊక కాలేది ఎక్కువగా దీనికోసమే. ముల్లు నిలకడగా ఉందంటే వేడి వృథా అవుతోందని కాదు, ఎంత ఆవిరి పోతోందో అంత ఆవిరి తయారవుతోందని.

ఉష్ణోగ్రత అంటే అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయన్న దానికి కొలత. నీటిలో అణువులు ఒకదాన్నొకటి లాగి పట్టుకొని ఉంటాయి. మరిగే దాకా మనం ఇచ్చిన వేడి వాటి కదలికను పెంచుతుంది, థర్మామీటర్ ఎక్కుతుంది. మరగడం మొదలయ్యాక ఇచ్చిన వేడి ఆ పట్టు విడిపించడానికి ఖర్చవుతుంది. కదలిక జోరు పెరగదు కాబట్టి థర్మామీటర్ కదలదు. మంచు కరిగేటప్పుడూ ఇంతే, కానీ అక్కడ కిలోకు 80 కిలో కేలరీలే. మంచు నీరైతే అణువుల పట్టు సడలుతుంది కానీ అవి పక్కపక్కనే ఉంటాయి. నీరు ఆవిరైతే పూర్తిగా విడిపోతాయి. లీటరు నీళ్లు మామూలు ఒత్తిడిలో ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల చోటు కావాలి. అంత దూరం విడదీయాలంటే ఖర్చు కూడా అంతే ఉంటుంది మరి.

ఇలా దాచుకున్న వేడి ఎక్కడికీ పోదు. ఆవిరి తిరిగి నీరైన చోట మొత్తం బయటికి వస్తుంది. మా పనికి అసలు ఆధారం ఇదే. నానిన వడ్ల మీదికి ఆవిరి వదిలితే, అది గింజను తాకి నీరవుతుంది, కిలోకు 540 కిలో కేలరీలు అక్కడికక్కడే ఇచ్చేస్తుంది. అదే పని మరిగే నీళ్లతో చేయబోతే, కిలో నీళ్లు 100 నుంచి 70 డిగ్రీలకు చల్లబడినా ఇచ్చేది 30 మాత్రమే. పైగా ఆవిరి ఎక్కడ గింజ చల్లగా ఉంటే అక్కడే ఎక్కువగా నీరవుతుంది. అందుకే కుప్పంతా సమానంగా ఉడుకుతుంది. గింజ లోపలి పిండి పదార్థం 70 డిగ్రీల అటూ ఇటూ జిగురుగా మారి, పగుళ్లు అతుక్కుంటాయి. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకు వచ్చి లోపల పగిలి ఉంటాయి. పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువగా వస్తుంది. ఉప్పుడు బియ్యం చేస్తే గింజ నిలబడుతుంది.

ఈ సంగతి 1760ల్లోనే గ్లాస్గో యూనివర్సిటీలో తేలింది. అక్కడ పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ ఆవిరిని చల్లటి నీళ్లలోకి పంపి చూస్తే, కొంచెం ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల నీటిని మరిగే వేడికి తెచ్చేసింది. ఆశ్చర్యపోయి అక్కడి ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్‌ను అడిగాడు. బ్లాక్ అప్పటికే గుప్తోష్ణం గురించి తన విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాడు. అక్కడి నీళ్లు చల్లన కాబట్టి ఆరు రెట్లు. మన 30 డిగ్రీల నీళ్లయితే ఏడున్నర రెట్లు దాటుతుంది. యూనివర్సిటీలో ఒక మెకానిక్‌కు వచ్చిన అనుమానమూ, మా బాయిలర్ దగ్గర కుర్రాడికి వచ్చిన అనుమానమూ ఒకటే కదా అని నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఇక్కడే జాగ్రత్త మాట కూడా చెప్పాలి. మరిగే నీళ్లు పడిన చోటకన్నా ఆవిరి తగిలిన చోట గాయం లోతుగా ఉండేది ఈ 540 వల్లే. చర్మం మీద ఆవిరి నీరై వేడంతా దించేస్తుంది. ఇంకొకటి, మనకు తెల్లగా పొగలా కనిపించేది అప్పటికే చల్లబడి చిన్న చిన్న నీటి బిందువులైన భాగం. అసలు ఆవిరి కంటికి కనిపించదు. పైపు లీకైన చోట, పైపుకూ తెల్లటి మబ్బుకూ మధ్య ఖాళీగా కనిపించే జానెడు జాగా అన్నిటికన్నా ప్రమాదం. ఆ జాగాలోకి చెయ్యి పోనివ్వకూడదు. కొత్తవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

ప్రెజర్ పెంచితే ఆవిరిలో దాచిన వేడి కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది తగ్గుతుంది. గేజి మీద 7 కిలోల (చదరపు సెంటీమీటరుకు) ప్రెజర్ దగ్గర ఆవిరి 170 డిగ్రీలుంటుంది, కానీ గుప్తోష్ణం 490 దగ్గరికి పడిపోతుంది. ఇంకా పెంచుకుంటూ 221 బార్ల (బారు అంటే దాదాపు ఒక కిలో ప్రెజరే) ప్రెజర్, 374 డిగ్రీల దగ్గరికి పోతే గుప్తోష్ణం సున్నా అవుతుంది. అక్కడ మరగడం అనేదే ఉండదు. మాకు దగ్గర్లోనే, దామరచర్ల మండలం వీర్లపాలెంలో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రంలోని 800 మెగావాట్ల యూనిట్లు ఆ గీత దాటి పనిచేసే రకం. అయితే టర్బైన్ దాటాక ఆవిరిని మళ్లీ నీరు చేయాలి కాబట్టి అక్కడా గుప్తోష్ణాన్ని బయటికి పంపక తప్పదు. కూలింగ్ టవర్లు ఉన్నది అందుకే.

మిల్లులో వడ్లు ఉడికించడం కన్నా ఆరబెట్టడమే పెద్ద ఖర్చు. టన్ను వడ్ల లెక్క చూద్దాం. 14 శాతం తేమ ఉన్న టన్ను వడ్లు నాని, ఆవిరి పట్టి 32 శాతానికి చేరితే బరువు 1,265 కిలోల దాకా పోతుంది. మళ్లీ 14కు తేవాలంటే 265 కిలోల నీళ్లను ఆవిరి చేయాలి. అంటే లక్షా 43 వేల కిలో కేలరీలు. అదే తడి వడ్లను 30 నుంచి 100 డిగ్రీలకు వేడెక్కించడానికి యాభై వేల చిల్లర సరిపోతుంది. టన్ను వడ్ల నుంచి ఊక రెండు వందల కిలోల దాకా వస్తుంది. కిలో ఊకకు మూడు వేల కిలో కేలరీలు వేసుకున్నా మొత్తం ఆరు లక్షలు. బాయిలర్‌లో, పైపుల్లో, డ్రయ్యర్ గాలిలో ఎంత పోయినా, వడ్లను ఉడికించి ఆరబెట్టడానికి వాటి ఊకే చాలుతుంది. డీజిల్ తోనో కరెంటుతోనో చేయాల్సి వస్తే ఈ పరిశ్రమ ఇక్కడ నిలబడేదే కాదు.

డ్రయ్యర్‌లో గాలి 90 డిగ్రీలున్నా, తడి వడ్లు చేత్తో పట్టుకుంటే అంత వేడిగా ఉండవు. గాలి ఇచ్చే వేడంతా నీరు ఆవిరవడానికి పోతుంటుంది. తేమ తగ్గేకొద్దీ ఆ ఖర్చు తగ్గి గింజ వేడెక్కడం మొదలవుతుంది. అప్పుడు తొందరపడితే గింజ పైన ఎండి, లోపల తడిగా ఉండి పగులుతుంది. అందుకే 16, 18 శాతం దగ్గర ఆపి, కొన్ని గంటలు ఊరనిచ్చి, మళ్లీ ఆరబెడతాం. తొందర పెట్టే ఓనర్లకు నేను గట్టిగానే చెబుతాను, ఈ విరామం దగ్గర మాత్రం టైమ్ మిగుల్చుకోవద్దని.

ఇదే లెక్క రైతుకూ ఉంది, అక్కడ నాకు నిజంగా బాధ అనిపిస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. 24 శాతంతో కోసిన క్వింటాలు వడ్లను 17కు తేవాలంటే దాదాపు ఎనిమిదిన్నర కిలోల నీళ్లు పోవాలి. ఎండలో 30, 40 డిగ్రీల దగ్గర ఆరే నీటికి కిలోకు 540 కూడా చాలదు, 580 దాకా కావాలి. క్వింటాలుకు దాదాపు 4,900 కిలో కేలరీలు, అంటే ఆరు యూనిట్ల కరెంటుకు దగ్గర. ఆ వేడిని ఎండా, గాలీ ఇవ్వాలి. మబ్బు పట్టిందంటే ఇచ్చేవాళ్లే ఉండరు. రాత్రి టార్పాలిన్ కప్పితే కుప్పలోని తేమ ఆవిరై, చల్లబడిన కవర్ లోపలి వైపు నీటి బొట్లుగా దిగి, మళ్లీ వడ్ల మీదే పడుతుంది. పొద్దు ఎక్కగానే కవర్ తీసి, పారతో తిరగేస్తూ ఉండాలని చెప్పేది ఇందుకే.

వంద క్వింటాళ్ల వడ్లను 17కు తేవడానికి, నష్టాలన్నీ కలుపుకొని ఐదు వందల కిలోల ఊక చాలని నా అంచనా. ఆ వంద క్వింటాళ్ల నుంచి వచ్చే ఊక రెండు వేల కిలోలు. రైతులు రోడ్ల మీద వడ్లు పోసుకొని మబ్బు చూసి టెన్షన్ పడే చోట, ఊకతో నడిచే డ్రయ్యర్లు ప్రతి పెద్ద కేంద్రంలో పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఊక మిల్లుల దగ్గర ఉంది, డ్రయ్యర్ నడపడం తెలిసిన మనుషులు కూడా ఇక్కడే ఉన్నారు.